తాళం గది

మనామాలో మా చర్చి వెనక గదికి
ఎప్పుడూ తాళమే.

శుక్రవారం ఆరాధన అయ్యాక
బిర్యానీ పొట్లాలు విప్పుతూ తలో మాట:
బైబిల్లో చేరనివ్వని సువార్త ఉందని నోవహు,
ముత్యాల వేటగాళ్ళు దాచుకున్న మూటని రాజోలు బాబాయి,
లోకం ఆఖరయ్యే తారీకు
ఎర్ర లక్కముద్ర కింద ఉందని లేయమ్మక్క.
అందరికంటే గట్టిగా లేయమ్మక్కే.

ఆగస్టులో ఏసీ కారింది.
పాస్టరుగారు నన్ను పిలిచి తాళం తీశారు.
"తడిసినవి ఆరబెట్టు. చదవొద్దు."

చదవకుండా కాయితాల్ని ఆరబెట్టడం ఎట్లా?

నానిన అట్టల వాసన. ఎండిన బల్లి.
ఎప్పటిదో నీళ్ళ బిల్లు, దానిమీద ఎవరో వేసిన కూడిక, తప్పు.
కఫీల్ ఇంటినుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళ
పాస్‌పోర్టు నకళ్ళు,
ఒక్క ఫొటోలోనూ నవ్వు లేదు.
సమాధుల పుస్తకంలో ఊరు తెలియని మేస్త్రీ,
పేరు ఉండాల్సిన చోట 'నీలం చొక్కా'.

బాప్తిస్మాల రిజిస్టరు అంటుకుపోతే
ఊదుకుంటూ విడదీశాను.
శిశువు: మగ, తొమ్మిది రోజులు.
తండ్రి: ఒక గీత.
తల్లి సంతకం
చదవక్కర్లేకపోయింది.
మా పాటల పుస్తకమంతా
ఆ చేతివ్రాతే.

ఫ్యాను కింద ఆ పేజీ
అన్నిటికన్నా ఆలస్యంగా ఆరింది.

మెట్లమీద లేయమ్మక్క,
చేతిలో సులేమానీ టీ.
"ఏముందిరా లోపల?"
తాగట్లేదు. కప్పు అంచు మీదుగా
నన్నే చూస్తోంది.

"నువ్వు చెప్పిందే అక్కా,
ఎర్ర లక్కముద్ర.
విప్పలేదు."