పూచీ

నాలుగువేల రెయిన్ జాకెట్‌ను వేలితో తాకి వదిలేశాను.
"ఇది సూడు, ఏడునూర్లు" అన్నాడు ఖలందర్,
అనంతపురం పాతూరులో
మే ఎండకు షట్టరు సగం దించుకొని.

శ్రావణంలో నల్లమల, మూడు రోజుల నడక.
కుట్లు తిరగేసి చూశాను.
చంక కింద టేపు లేదు.
"కారితే?"

చెంబుతో నీళ్లు తెచ్చాడు.
కింద బేసిను పెట్టి మరీ పోశాడు భుజమ్మీద,
కొళాయి మళ్లీ ఎల్లుండే.

పూసలు పూసలుగా జారిపోయాయి.
ఒక్క చుక్క మాత్రం చంకలోంచి
అడ్రసు కనుక్కున్నట్టు లోపలికొచ్చింది.

"యాభై తగ్గిస్తా."
బేసిను తీసుకెళ్లి వాకిట్లో కుక్క ముందు పెట్టాడు.
"కారితే నాది పూచీ.
వాన రాకుంటే మాత్రం నన్నడగొద్దు సామీ."

టోపీ మడతలో మిగిలిన తడి
టవర్ క్లాక్ దాటేలోపే ఆరిపోయింది.