ఎనిమిదో అంతస్తు, ఉచితం

ఉచితం అంటే నాకు నమ్మకం లేదు.
ఈ ఊర్లో చెప్పులు విడిస్తే ఒక లెక్క,
సెల్లు దాచుకుంటే ఒక లెక్క,
నామం పెట్టే పిల్లోడు కూడా
నుదురు తాకినాక చెయ్యి చాస్తాడు.
అందుకే లిఫ్టు ముందర నిలబడి
వాచ్‌మన్ దేశప్పను రెండుసార్లు అడిగినా:
"దిగేటప్పుడు ఏమన్నా కట్టాల్నా?"

"ఏమీ లేదక్కా, ఎక్కు.
ఏడింటికి లైట్ల ఆట."

మొగిలమ్మ కొంగుకి ఇంకా బ్లీచింగు వాసన.
నా వేళ్లు నీళ్లలో నానిన సెనగలు.
పొద్దున్నుంచీ మేము ఉతికింది
నూటా ఎనభై దుప్పట్లు,
దిండు గలీబులు లెక్కపెట్టలేదు.
కొత్త గుండ్ల చందనం మరకలు,
పసిబిడ్డల ఉచ్చ,
ఎవరి జడలోనో నలిగిన మల్లెలు,
ఊరుగాని ఊర్లో పట్టీ పట్టని నిద్రలు,
అన్నీ ఒకే గంగాళంలో.

లిఫ్టు లేస్తా ఉంటే
కడుపు కిందనే ఉండిపొయింది.
మొగిలమ్మ నా మోచెయ్యి పట్టుకొని
"గోవిందా" అనింది,
కొండకు కాదు, లిఫ్టుకు.

తలుపు తెరిస్తే గాలి.
బస్టాండు గాలి కాదు ఇది,
డీజిలు తాకనిది,
కొంచెం ఎండుగడ్డి, కొంచెం
ఎక్కడో పడిన వాన.

కటకటాల దగ్గర జనం,
తమిళం, కన్నడం, మనకు తెలియనివి ఇంకో రెండు.
అలవాటు కొద్దీ భుజాలు ముడుచుకున్నా,
వెనకనుంచి ఒక చెయ్యి తోస్తుందని,
జరగండి జరగండి అంటుందని.
పదకొండు గంటలు క్యూలో కూర్చొని
మూడు క్షణాలు చూసిన కండ్లివి.
ఎంతసేపు చూడొచ్చో వీటికి తెలీదు.

ఎవరూ తొయ్యలేదు.
ఇంకొంచెం చూసినా.
అయినా ఎవరూ తొయ్యలేదు.

ఉత్తరాన కొండ, పండుకున్న ఎద్దు మాదిరి.
దాని వీపు మీద ఘాటు రోడ్డు దీపాలు
ఒకటి ఆరి ఒకటి వెలుగుతా.
ఇటుపక్క స్టేషన్లో రైలొకటి
ఆగినట్టే ఉండి కదులుతా ఉంది.
గోవిందరాజస్వామి గోపురం
ఇంతేనా అనిపించి
గబుక్కున లెంపలేసుకున్నా.

మొగిలమ్మ జీవకోన పక్క తన ఇల్లు వెతికింది.
"అదిగో, ఆ నీలం ట్యాంకు పక్కన."
"ఊరంతా నీలం ట్యాంకులే కదమే."
చాలాసేపు వెతికింది.
తర్వాత మాట్లాడకుండా
కొంగుతో మొహం తుడుచుకుంది.

ఏడైంది. స్పీకర్లో ఎవరో
బరువైన గొంతుతో ఊరి కథ మొదలుపెట్టి
నడిమాటలో గరగరమని ఆగిపొయినాడు.
లైట్లు మాత్రం ఆగలేదు.
ఎరుపు, పసుపు, నెమలిమెడ రంగు
ఎదురు గోడ మీద నిలవలేక పొర్లి
కింది లాడ్జీల మేడల మీద పడినాయి.

అప్పుడు చూసినా.
తీగల మీద మా దుప్పట్లు!
మధ్యాన్నం క్లిప్పులు చాలక
మూలలు ముడేసి వచ్చినవి.
గాలికి ఒక వరస ఎర్రగా లేస్తే
పక్క మేడ నీలంగా వాలింది.
రంగు తాగి, వదిలి, మళ్లా తాగి
గోడ మీద ఆటను ఎవరూ చూడనీకుండా చేసినాయి.
ఫోన్లన్నీ అటు తిరిగినాయి.
"అవేందిమా?" అని ఒక పాప అడిగితే
"అదీ షోనే" అనింది వాళ్లమ్మ.

నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.
మొగిలమ్మ కండ్లు చిన్నవి చేసి
"మూడో తీగలో నాలుగోది
చిరిగింది, రేపు కుట్టాల" అనింది.
"ఇంత దూరం నుంచి ఎట్లా కనపడిందే?"
"కనపడలా. తెలుసు."

ఎనిమిదికి దేశప్ప పైకొచ్చి
తాళాలు గలగలమనిపించి
"టైమైంది, జరగండక్కా" అన్నాడు.
నాకు నవ్వు ఆగలేదు.
వాడికి ఎందుకో అర్థం కాలేదు.

దిగినాం. ఏమీ కట్టలేదు.
మంచు పడకముందే తియ్యాలని
మళ్లా మా మేడ మెట్లెక్కినాం.
ఆ కొస తను, ఈ కొస నేను.
ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసినా,
ఏ దుప్పటికీ
ఒక్క చుక్క రంగు అంటలేదు.

నాలుగోది నిజంగానే చిరిగుంది.