సున్నపు గీత

శనివారం మధ్యాహ్నం జ్ఞానాపురంలో
మా మొదటి పని ఊడ్చడం.
పోర్టు నుంచి వారమంతా వచ్చి వాలిన బొగ్గు
గచ్చు మీద నల్లగా, మెత్తగా,
ఎవరూ కూర్చోని పరుపులా ఉంటుంది.
నేనూ, శౌరీ, రాయప్ప మాస్టారూ,
మూడు చీపుళ్ళు.
తర్వాత బకెట్లో సున్నం కలిపి
రింగుకి ఎదురుగా ఒక గీత.

ఆ రింగు శౌరి వంచిందే,
కాన్వెంట్ జంక్షన్ వెల్డింగ్ షాపులో,
యజమాని భోజనానికి వెళ్ళినప్పుడు.
కొలత ఒక వేలెడు తప్పింది.
వల మాత్రం అసలైన వల.
జాలరిపేట నుంచి ఎర్రమ్మత్త అల్లి పంపింది,
"జారిపోడానికని వల అల్లడం
నా జన్మలో ఇదే మొదలు" అని నవ్వుతూ.

నైట్ డ్యూటీ దిగి వచ్చే నాకు
కళ్ళు మండుతుంటాయి.
అయినా ముందు ఆట, ఆ తర్వాతే దెబ్బలు:
చెక్కుకుపోయిన మోకాళ్ళు, బెణికిన వేళ్ళు.
అవీ అయ్యాక గుంటలు చెయ్యి పట్టుకు లాగుతారు,
"లూర్దక్కా, మా మామ్మ కాలు సూద్దువు రా."

నూకరాజు వాళ్ళ మామ్మకి షుగరు పుండు.
పైడితల్లమ్మ పటం కింద నులక మంచం.
నేను నేల మీద కూర్చుని
ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని కడుగుతాను.
పవిత్ర గురువారం నాడు గుడిలో
ఫాదర్ గారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు.
అవి ముందే ఇంట్లో సబ్బుతో తోముకొచ్చిన పాదాలు.
ఇది అలాంటిది కాదు. వాసనొస్తుంది.
నాకు కడుపులో తిప్పుతుంది కూడా.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"మీ గుడికి రమ్మంటావేటమ్మా?" అంది మామ్మ ఒకరోజు.
"కాలు మానితే ఎక్కడికైనా నడిచెళ్ళొచ్చు మామ్మా" అన్నాను.
ధైర్యంతో అన్నానో, పిరికితనంతోనో.
ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి
పైడితల్లికి నా గురించి ఏదో చెప్పుకుంది.
అది అయ్యేదాకా
నేను తల వంచుకునే ఉన్నాను.

ఏడాదికోసారి విచారణ నుంచి కాగితం వస్తుంది:
ఎంతమందికి సువార్త అందించారు?
రాయప్ప మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని రాశారు,
"పద్నాలుగు మంది పిల్లలు, ఒక రింగు,
రెండు బంతులు, అందులో ఒకదానికి గాలి నిలవదు."
ఫాదర్ గారు నవ్వారో, కోప్పడ్డారో తెలీదు.
మరుసటి వారం గాలి పంపు మాత్రం వచ్చింది.

మొన్న మర్రిపాలెం కుర్రాళ్ళతో పందెం.
స్కోరు సమానం. నూకరాజుకి ఫ్రీ త్రో.
గీత మీద చెప్పుల్లేని కాళ్ళు,
అరికాలు బొగ్గు, బొటనవేలు సున్నం.
వాడు బంతిని చంకలో ఇరికించుకుని,
శౌరిని చూసి పట్టేసినట్టున్నాడు,
నుదురు, గుండె, ఎడం భుజం, కుడి భుజం.
నా ఊపిరి ఆగింది.
ఎక్కడో గూడ్సు బండి కూత.
బంతి లేచి, ఆ తప్పిన వేలెడు దగ్గర తగిలి
బయటికే పడింది.

వాడు నా వైపు తిరిగాడు.
ఏడుపు కాదు, కోపం కాదు,
కొట్లో నాణెం చెల్లనివాడి చూపు.
"పన్చెయ్యలేదేటక్కా?"
"అది దానికి కాదురా."
"మరి దేనికి?"

పదేళ్ళు జ్ఞానోపదేశం చెప్పినదాన్ని.
నోటికొచ్చిన జవాబులన్నీ అచ్చులో ఉన్నవే.
ఈలోగా మర్రిపాలెం పొడుగాడు
బంతి అందుకుని, గీత దాకా వెళ్ళి,
తిరిగొచ్చి వేసేశాడు.
ఓడిపోయాం.

అందరూ వెళ్ళాక వాడు చీపురు తీశాడు,
ఎవరూ చెప్పకుండానే.
సగం చెరిగిన గీత దగ్గర ఆగి,
"దేనికో సెప్పలేదు నువ్వు" అన్నాడు.
నేను మాట వెతుక్కుంటుంటే,
"నీకూ తెలీదేటి?"
"పూర్తిగా తెలీదురా."
ఎందుకో వాడికది నచ్చింది.
"దీన్ని ఊడ్సేయనా, ఉంచనా?"
"ఉంచు."

పోర్టు వైపు నుంచి మళ్ళీ గాలి.
రెండో చీపురు నేను తీసుకున్నాను.