తోడు

పొద్దున తొమ్మిదైనా తుర్కులో తెల్లవారదు.
ఔరా నది గడ్డకట్టింది, మంచు మీద ఎవరివో సైకిల్ జాడలు.
ల్యాబ్‌లో నేను
నూనెలాంటి దాన్ని నీళ్లలోకి చుక్క చుక్కగా వదులుతాను.
మొదట రెండూ పొసగవు.
శబ్దంతో చిలుకుతాను, పాలలా తెల్లబడతాయి.

అప్పుడు పుడతాయవి:
వెంట్రుకను వెయ్యి పోగులుగా చీలిస్తే
అందులో ఒక పోగంత.
లోపల, మన కంటికి ఆనని ఎరుపు.
పైన చిన్న ఎర,
ఆకలెక్కువైన కణం కొరికి చూసేలా.

వాటి ఒళ్లంతా పాల పులుపే.
మా అత్త లెంపి రాత్రిళ్లు తోడేసి
కిటికీ పక్కన పెట్టే గిన్నెలో ఉన్నదే,
గొలుసులుగా అల్లితే ఈ పొడి.
చెబితే నవ్వలేదు.
"పులిసేది నిలవుండదు కదే" అంది.
నిలవుండకూడదనే కదా అత్తా!

పరీక్షకు ఒప్పుకున్నవాళ్లలో తోర్వాల్డ్ ఒకడు.
ముప్పయ్యేళ్లు పైలట్. విమానాలకు కాదు, ఓడలకు.
దీవుల మధ్య దారి తెలియని ఓడ వస్తే
పడవలో ఎదురెళ్లి, తాటి నిచ్చెన ఎక్కి,
నీటి కింద రాళ్లెక్కడున్నాయో కెప్టెన్‌కి చెప్పి
దిగిపోవడం.
"విందుకి ఎప్పుడూ ఆగలేదు" అన్నాడు,
సూది వైపు చూడకుండా.

అబద్ధం చెప్పలేదు నేను.
నూటికి ఒక్కటి చేరితే గొప్ప,
మిగతావి కాలేయంలోనో ప్లీహంలోనో చిక్కుకుంటాయి.
"ఓడకి పైలట్ ఒక్కడే కదా" అన్నాడు.

మర్నాడు అతని ఛాతీలోకి కెమెరా దించారు.
ఊపిరితిత్తి అంచున, అనుకున్న చోటే, బఠాణీ అంత వెలుగు.
సర్జన్ సాయిమి కత్తి అందుకోబోయి
ఆగింది.
రెండు వేళ్ల అవతల
ఇంకొకటి. ఆవగింజంత.
ఏ స్కాన్‌లోనూ లేని రాయి.

ఏప్రిల్లో నది విరిగింది.
ఒడ్డున బల్ల మీద తోర్వాల్డ్, మెడ చుట్టూ నీలం మఫ్లర్,
నోటి వెంట ఆవిరి.
నా కణాలు కరిగి పులుపై, పులుపు నీరై, గాలై
ఎప్పుడో ఇలాగే బయటికి వెళ్లిపోయుంటాయి.
అతను చెయ్యూపాడు. నేనెవరో గుర్తున్నట్టు లేదు.

ఇంటికొస్తే అత్త గిన్నె కడుగుతోంది,
అడుగున ఒక చెంచా పక్కకి తీసి,
రేపటికి.
నా వాటికి ఆ భాగ్యం లేదు.
రేపు మళ్లీ
మొదటి చుక్క నుంచి.