వెద

మొదట్లో ఆ మాటకు మట్టి వాసన ఉండేది.
నార్ఫోక్‌లో, వేవ్‌నీ నది ఇవతలి గట్టున
జేబెజ్ గాథర్‌కోల్ భుజానికి
చిక్కుడు గింజ ఆకారంలో ఓ చెక్కతొట్టి వేలాడేది.
ఎడమకాలు నేల తాకితే కుడిచెయ్యి తొట్టిలోకి,
కుడికాలు తాకితే బయటికి, బారెడంత.
కళ్లు మాత్రం అవతలి కంచెలో పాతిన కర్ర మీద.
పడే గింజల్ని చూడకూడదు,
చూస్తే చెయ్యి సిగ్గుపడుతుందనేవాడు.

ఆ పనికి వాళ్ల పేరు బ్రాడ్‌కాస్ట్.
బ్రాడ్ అంటే వెడల్పు. ఆ నేలలోనే మొలిచిన మాట.
కాస్ట్ అంటే విసరడం.
ఉత్తరాది పడవల్లో, గొడ్డళ్ల పక్కన కూచుని
సముద్రం దాటొచ్చిన మాట.
ఇళ్లు తగలబెట్టినవాళ్లూ, ఇళ్లు తగలబడినవాళ్లూ
ఏ తరంలో రాజీపడ్డారో తెలీదు,
రెండు మాటలూ ఒక్క పిడికిట్లో ఇమిడిపోయాయి.

తర్వాత గుర్రాల వెనక విత్తనాల యంత్రం వచ్చింది.
గీత గీసినట్టు సాళ్లు, లెక్కపెట్టినట్టు గింజలు.
జేబెజ్ తొట్టిలో కోడి గుడ్లు పెట్టింది.
మాట మాత్రం పనిలేక
ఎవరో ఒకరు పిలుస్తారని గుమ్మంలో కూచుంది.

పిలిచింది మనవరాలు.
పందొమ్మిది వందల ఇరవై మూడు, అక్టోబరు.
కెరెన్‌కి పద్నాలుగేళ్లు.
బేరిచెట్టు నుంచి పొగగొట్టం దాకా రాగితీగ లాగి
స్ఫటికం ముక్క మీద సన్నటి తీగమొనతో
గుచ్చి గుచ్చి వెతుకుతోంది.
"ఎనిమిదింటికి బ్రాడ్‌కాస్ట్, తాతా!"
"రాత్రిపూట ఎవడే విత్తేది?
పగవాడి చేలో కలుపు చల్లేవాడు తప్ప."

చెవికి పెట్టింది.
ముందు గరగర.
తొట్టి అడుగున బార్లీ కదిలినట్టు.
"ఇది నాకు తెలుసు" అన్నాడు.
ఆ గరగరలోంచి లండన్ గొంతొకటి
మడత నలగని చొక్కాలాంటిది
రేపు తూర్పుతీరంలో గాలివాన అంది.
"ఎంత వెడల్పున చల్లుతున్నాడు?"
"దేశమంతా."
"మళ్లీ వచ్చి చూసుకుంటాడా,
ఎక్కడ మొలవలేదో?"
కెరెన్ తీగమొన సరిచేసుకుంది.

అప్పుడు చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.
ఇరవై రెండేళ్లప్పుడు, ఏటివార ఐదెకరాల్లో
కంచె అవతల పాలబకెట్టుతో ఒక పిల్ల, కెజయా,
"అలుపు రాదా నీకు?" అంది.
కాళ్లు నడిచాయి.
చెయ్యి తొట్టిలోనే ఉండిపోయింది.
ఏప్రిల్లో పైరు లేచింది,
నడుమ పదకొండడుగుల బోడి.
ఆదివారం చర్చికి పోయేవాళ్లంతా అక్కడ ఆగి
బోడిని చూసి, కంచెను చూసి,
కంచె పక్క ఇంటిని చూసి దగ్గారు.
"నేనెవరికీ చెప్పలేదు.
చల్లినదానికన్నా చల్లనిదే
దూరం పోయింది."
కుట్టుపని ఒళ్లో పెట్టుకున్న కెజయా
దారం కొరికి తెంపింది, తల ఎత్తలేదు.

ఇక్కడ నా కలం ఆగింది.
మనం వెదజల్లడం అంటాం,
పరిమళాన్ని, వెన్నెలని, నవ్వుల్ని.
ఆ మాట కడుపులో వెద ఉందని,
వెద అంటే విత్తడమని
నిఘంటువు తెరిస్తే తప్ప గుర్తురాలేదు నాకు.
జేబెజ్‌కి చెబితే అడిగేవాడేమో,
మీకూ ఎడమకాలితోనేనా మొదలు, అని.

వినడానికున్నది ఒక్కటే జత.
కెరెన్ దాన్ని పింగాణీ గిన్నెలో బోర్లించింది.
గిన్నె మాట్లాడింది.
నలుగురూ దాని మీదికి వంగారు,
పక్కింటి ప్లెడ్జర్ కూడా, టోపీ తియ్యకుండా.
ఎనిమిదిన్నరకు గొంతు ఆగిపోయింది,
గరగర మిగిలింది.
ముసలాయన గిన్నెలో చెయ్యి పెట్టాడు,
బల్ల కింద
ఎడమకాలు నేలకు ఆనించి.