పన్నెండో గడి

సఖినేటిపల్లి రేవులో పంటు దిగేసరికి
చంకలో ఫైలు చెమటకి మెత్తబడింది.
గెడ్డం ప్రిసిల్ల, ఇరవై ఆరేళ్ళు.
విశాఖలో యుద్ధనౌక కడుపులో తీగలు కలిపే పని.
ఆ గేటు తెరుచుకోవాలంటే
ముందు నేనొచ్చి ఈ ఊరి నోరు తెరవాలి.

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు నేర్పింది ఒకటే:
గుణం అడగడానికి ఇంటికెళ్ళకూడదు,
ముందు కిళ్ళీకొట్టుకెళ్ళాలి.

"ఆ పిల్ల పేరు మా పద్దులో లేదండి.
వాళ్ళ నాన్నది ఉంది, రెండు పేజీలు."
మేతల డీలరు కళ్ళజోడు తుడుచుకుంటూ
"నాలుగు లక్షల పదివేలు. వడ్డీ కలపలేదండోయ్."
చీటీల మంగతాయారు మాత్రం
ముంజికాయ చెక్కడం ఆపకుండానే చెప్పింది:
"ఒక్క నెల తప్పిందండి. తప్పే ముందురోజే వచ్చి చెప్పింది.
చెప్పి తప్పితే అది తప్పెలా అవుద్దండి?"

ఫారంలో పన్నెండో గడి: అప్పులు, పూచీలు.
నా చేతిమీదుగా పోయిన ఫారాలన్నిట్లో
ఆ గడిలో ఒకటే మాట – లేవు.
కాగితం చూస్తే
ఈ డెల్టాలో బాకీ పడ్డవాడు పుట్టలేదు.

ప్రిసిల్లకి గడి చాల్లేదు.
ఇంకో కాగితం కుట్టింది, నల్లదారంతో.

చెరువుకి తెల్లమచ్చ వచ్చిన ఏడు
సొసైటీ లోనుకి పూచీ, సంతకం నాదే.
అమ్మ గాజులు మలికిపురంలో తాకట్టు, ఇంకా విడిపించలేదు.
ఫోను యాప్‌లో పదకొండు వేలు. తీర్చేశాను.
తీర్చాక కూడా నా ఫోటో పాడుచేసి
తెలిసినవాళ్ళందరికీ పంపారు.
స్టేషన్లో చెప్పాను. రసీదు జతచేశాను.

ఆ రసీదు మీద మా సీఐ ముద్ర.
కాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను.

గట్టు తెగినప్పుడు అందరూ వరదని తిడతారు.
లస్కరు నడిగితే చెబుతాడు,
ఎండ్రకాయ ఎప్పుడో బొరియ పెట్టేసిందని,
నీళ్ళు దారి వెతుక్కున్నాయంతేనని.

బొరియ సంగతి నాకు తెలుసు.
జీతం పడ్డ ఏడో తారీఖుకల్లా
ఫోనులో పేకాట మింగేస్తుంది.
నరసాపురంలో ఒకాయన వడ్డీ అడగడు.
పోయిన వేసవిలో మాత్రం మెల్లగా,
"ఆ కుర్రాడి పాస్‌పోర్టు ఎంక్వయిరీ నీ దగ్గరేగా" అన్నాడు.
నా చెయ్యి వణకలేదు. అదే భయం.
ఏటా ఆస్తుల పత్రంలో నేనూ రాస్తాను,
గుండ్రటి అక్షరాల్లో: లేవు.

చెరువు గట్టుమీద ఏరేటర్ల హోరులో
వాళ్ళ మేనమామ కవరు తీశాడు.
"బాగా రాయండి బాబూ. ఇల్లు నిలబడుద్ది."
వద్దనడానికి నోరు తెరిచాను.
చెయ్యి అప్పటికే సగం లేచింది.

బురదకాళ్ళతో మోటారు దగ్గర్నుంచి వచ్చిందా పిల్ల.
కోపం లేదు, పెద్ద గొంతూ లేదు.
"మావయ్యా, ఇస్తే ఇదీ రాయాల్సొస్తది నేను.
కాగితం అయిపోయింది."

మేనమామ నవ్వబోయి ఆగిపోయాడు.
నేను మేతబస్తా మీద కూర్చుని రిపోర్టు రాశాను:
బాకీలున్నవి. దాచినవి లేవు.
అభ్యంతరం లేదు.
ముప్పై ఏళ్ళకి దగ్గరపడ్డ చేతిరాత,
మొదటిసారి ఎవరిదో అన్నట్టు కనబడింది.

లేస్తూ అడిగాను,
"ఇంకో తెల్లకాగితం ఉందా అమ్మా?"
"ఆయ్, ఉందండి, నోటుబుక్కులో" అని
మధ్యలోంచి చింపి ఇచ్చింది.
ఇందాక అయిపోయిందన్నావే అని నేననలేదు.
దేనికని తనూ అడగలేదు.

తిరుగు పంటులో కొబ్బరికాయల బస్తాలు, రెండు మేకలు,
పెళ్ళికెళ్ళొస్తున్న బ్యాండు మేళం.
వశిష్ఠ మీద ఉప్పుగాలి.
పెన్ను మూత తీసి పట్టుకున్నాను.
నరసాపురం దీపాలు దగ్గరికొస్తున్నాయి.
మోకాలి మీద కాగితం
గాలికి ఒక మూల లేస్తోంది,
బొటనవేలితో నొక్కి ఉంచాను.