వెనక కాళ్ళు

మా రాక్షసిబల్లికి ముందు కాళ్ళు గెరార్డ్.
వెనక కాళ్ళు నేను.
పదకొండు ఆదివారాలు
నేను చూసిన సినిమా అంతా
అతని నడుం బెల్టు,
మూడో రంధ్రం దగ్గర చిట్లిన తోలు.

పోలండులో, సైలీషియా బొగ్గు ఊరిలో
గని క్లబ్బుకి పదహారు మిల్లీమీటర్ల కెమెరా ఒకటి ఉండేది.
కార్మికుల సంస్కృతి కోసమని ఇచ్చారు,
ఏడాదికి ఇన్ని మీటర్ల ఫిల్మని లెక్కగట్టి,
మాంసం కూపన్లలాగే.
మొదటి ఏడాది గులాబీల మీద తీశాం.
రెండో ఏడాది టెయోఫిల్ పెంచిన పావురాల మీద.
మూడో ఏడాది బెనోన్ అన్నాడు:
రోజూ మనం తవ్వేది చచ్చిన అడవినే కదరా,
అందులోంచి బతికున్నదొకటి పైకొస్తే?

బళ్ళో భూగోళం చెప్పే ఆవిడ నవ్వింది,
బొగ్గు అడవుల నాటికి ఈ జంతువు ఇంకా లేదట.
అయితే మాది
నెలలు నిండకుండా పుట్టిందనుకోండి, అన్నాడు బెనోన్.

చర్మం, గనిలో గాలి పంపే గొట్టాల పాత గుడ్డ.
కళ్ళు, రెండు టోపీ దీపాలు.
పళ్ళు తెల్ల ముల్లంగివి. వారం తిరిగేసరికి వడిలిపోయేవి,
కొత్తవి చెక్కుకోవాలి.
పాతవి ఉర్షులా సూపులో వేసేది.
ఊరికి నోరూరించిన కోరలు
ఊరి నోట్లోకే.
తోకలో ఇనప తీగ పెట్టాం, తోక ముడిచే వీల్లేకుండా.

అట్టపెట్టెల ఊరిని తొక్కడం నాకిష్టం.
ఏ మేడ విరిగిందో కనపడదు,
కరకరమని కాళ్ళకి తెలుస్తుంది.

పదకొండో ఆదివారం చావు సీను.
మేయరు వేషంలో టెయోఫిల్, చేతిలో చెక్క తుపాకి.
మిగిలిన ఫిల్ము ఒక నిమిషం పైచిలుకు.
బెనోన్ కీ తిప్పి మీట నొక్కాడు.
పడండి, అన్నాడు.

అప్పుడు గని సైరన్ మోగింది.

గెరార్డూ నేనూ రక్షణ దళం వాళ్ళం.
గుండీలు వీపు మీద. విప్పాల్సింది ఉర్షులా.
ఆమె అప్పటికే పరిగెత్తింది,
వాళ్ళన్నది ఆ షిఫ్టే.
సరే, ఉన్నవాళ్ళం ఉన్నట్టే పరిగెత్తాం.
ఎడమ, కుడి, ఎడమ, అని ముందునుంచి అరుపు.
గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెనక నేను,
రెండు చేతులా ఆ బెల్టు పట్టుకుని.

గేటు దగ్గర ఆడవాళ్ళుంటారని తెలుసు.
నవ్వుతారనుకున్నాను.
ఒక్కరూ నవ్వలేదు.
ఎవరిదో చెయ్యి గుడ్డ మీదుగా నా వీపుకి తగిలింది,
ముందుకి నెట్టింది.
ఇంకెవరో కత్తెరతో వీపు చీల్చారు,
చలిగాలి ఒక్కసారి లోపలికొచ్చింది.
కాపలా ముసలాయన రిజిస్టరులో రాసుకున్నాడు
వచ్చిన వేళ, రెండు పేర్లు.
దుస్తులు అన్న గడిలో
కాసేపాగి, ఒక గీత గీశాడు.

ఐదుగురిని పైకి తెచ్చాం.
నలుగురు మాట్లాడారు.
ఐదో పేరు నేనిక్కడ రాయను.

చలికాలం పోయాక క్లబ్బులో ఆట వేశారు.
ఉర్షులా వచ్చింది, చివరి వరసలో కోటు విప్పకుండా కూర్చుంది.
ముల్లంగి కోరలకి పిల్లలు జడుసుకున్నారు,
పెద్దవాళ్ళు పడీపడీ నవ్వారు.
చివర్న తుపాకి పేలాలి. పేలలేదు.
ఆ రోజు మీట వదలడం బెనోన్ మరిచిపోయాడు.
కీ తిరిగినంతసేపూ కెమెరా చూస్తూనే ఉంది.

తెర మీద మా రాక్షసి
ఊరిని వదిలేసి, చావు వదిలేసి
గని చక్రం వైపు పరిగెడుతోంది.
ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ ఒకే అడుగులో.
రిహార్సల్లో ఒక్కసారీ అలా కుదరలేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు లేవు.
మగవాళ్ళు టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

మిగిలిన ముక్క ఫిల్ము డబ్బాలోనే ఉంది.
ఆ జంతువుని చంపేద్దామని
మళ్ళీ ఎవరూ అనలేదు.

దాన్ని నేను చూడడం అదే మొదలు.
బాగానే ఉంది. తోక కాస్త పొడవు.
వెనక ఎడమ బూటు లేసు ఊడిపోయి
మట్టిలో ఈడ్చుకుపోతోంది.
ఆ రోజంతా
నాకా సంగతే తెలీదు.